గుంటూరు సీమలో మస్తాన్

మస్తాన్ పారశీ పేరు. అరబ్బీ కాదు. ఖురాన్‌లో కనిపించదు, ప్రవక్తల పేర్లలోనూ ప్రవక్త సహచరుల పేర్లలోనూ వెతికినా దొరకదు. అయినా గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ముస్లిం మగవాళ్ల పేర్లు పది చెప్పమంటే అందులో ఇది లేకుండా ఉండదు. షేక్ మస్తాన్, మస్తాన్ వలీ, మస్తాన్ బాషా, మస్తాన్ సాహెబ్, మస్తాన్ ఖాన్ అని ముస్లిం ఇళ్లలో వినిపించే ఈ మాటే మస్తాన్ రావు, మస్తానయ్య, మస్తాన్ రెడ్డి, మస్తానమ్మ అని హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో వకీలు బోర్డు మీదో, బట్టలు కుట్టే కొట్టు మీదో, పెళ్లి శుభలేఖ మీదో మస్తాన్ అన్న మాట కనపడినంత మాత్రాన ఆ మనిషి ఏ మతం వాడో తేల్చి చెప్పడం కుదరదు. దానికి ముందూ వెనకా ఉన్న మాటలు కూడా చదవాలి.

పారశీలో 'మస్త్' అంటే మత్తెక్కినవాడు. తాగి ఒళ్లు తెలియనివాడికీ, ఆనందంతో ఒళ్లు మరిచినవాడికీ అదే మాట. దానికి '-ఆన్' చేరిస్తే పారశీలో బహువచనం. మత్తులో ఉన్నవాళ్లు మస్తాన్లు. హిందుస్థానంలోకి వచ్చాక ఆ బహువచనం మర్యాదలో కలిసిపోయి ఒక్క మనిషికే చెల్లింది. సంస్కృతంలోని 'మత్త' శబ్దానికి ఈ 'మస్త్' దాయాది. రెండూ ప్రాచీన ఇండో-ఇరానియన్ భాషలోని ఒకే ధాతువు నుంచి విడివడ్డాయి. ఆ ధాతువే సంస్కృతంలో 'మద్'. మదం, మదిర, ఉన్మాదం, చివరికి ఒళ్లు తెలియక చేసే పొరపాటైన ప్రమాదం కూడా ఆ కుదురువే. తెలుగువాడు మదపుటేనుగు అన్నదాన్ని ఉర్దూవాడు మస్త్ హాథీ అంటాడు. ఏనుగు మదానికి ఇంగ్లీషు జంతుశాస్త్ర గ్రంథాలు వాడే 'మస్త్' కూడా ఇక్కడి నుంచి ఎగుమతైన మాటే. తెలంగాణ వాడుకలో 'మస్తుగున్నది' అనే మస్తు మరో చుట్టం. ఇంతమంది బంధువులున్న మాట కాబట్టే తెలుగు నోటికి అది అట్టే పరాయిగా తోచలేదు. చివర ఉకారం చేర్చి మస్తాను అనేశారు. కోపం వస్తే మస్తానుగాడు, ప్రేమ వస్తే మస్తానూ.

మద్యం నిషిద్ధమైన మతంలో మత్తెక్కినవాడన్న మాట పేరెలా అయిందని ఎవరికైనా సందేహం రావచ్చు. మత్తులో ఉండి నమాజు దరిదాపులకు రావద్దని ఖురాన్ చెప్పింది. కానీ సూఫీలు మాట్లాడిన మత్తు వేరు. దైవప్రేమలో మునిగి తన ఉనికే మరిచిపోయే స్థితిని వాళ్లు 'సుక్ర్' అన్నారు. తెలివిలో ఉండే దైవాన్ని తెలుసుకునే స్థితిని 'సహ్వ్' అన్నారు. తొమ్మిదో శతాబ్దంలో ఇరాన్‌లోని బిస్తాంకు చెందిన బాయజీద్ మొదటి మార్గానికి పెద్ద. 910లో కన్నుమూసిన బాగ్దాద్ జునైద్ రెండో మార్గానికి పెద్ద. ఏది మేలన్న వాదం శతాబ్దాలు నడిచింది. లాహోరులో సమాధి అయిన హుజ్వీరీ పదకొండో శతాబ్దంలో పారశీలో రాసిన 'కష్ఫుల్ మహ్‌జూబ్'లో ఈ రెండింటినీ చర్చించి, జునైద్ వైపే మొగ్గాడు. పండితులు మొగ్గినది తెలివి వైపు. జనం మాత్రం మత్తు వైపే నిలబడ్డారు. 922లో బాగ్దాద్‌లో మరణశిక్షకు గురైన మన్సూర్ హల్లాజ్, ఢిల్లీ వీధుల్లో దిగంబరంగా తిరిగి ఔరంగజేబు కాలంలో తల పోగొట్టుకున్న సర్మద్ లాంటి వాళ్ల చుట్టూ అల్లుకున్నన్ని కథలు ఏ ధర్మశాస్త్ర పండితుడి చుట్టూ అల్లుకోలేదు. హాఫిజ్ వంటి పారశీ కవులు మధుశాలనూ సాకీనీ మస్త్‌నూ దైవప్రేమకు సంకేతాలుగా స్థిరపరిచాక, మస్త్ అన్న మాటకు అంటిన మురికంతా కడుక్కుపోయింది.

హిందుస్థానంలో 'మస్తాన్' ఒక రకం ఫకీరుకు గుర్తయింది. ఇల్లూ వాకిలీ ఉండదు, ఒంటి మీద బట్ట సంగతి పట్టదు, పెట్టినది తింటాడు, తనలో తాను మాట్లాడుకుంటాడు. లోకం దృష్టిలో మతి లేనివాడు, నమ్మినవాళ్ల దృష్టిలో దేవుడు తన వైపు లాక్కున్నవాడు. శాస్త్రంలో ఇలాంటివాణ్ని 'మజ్‌జూబ్' అంటారు. దక్షిణాదిలో వాళ్లకు మస్తాన్ అన్న బిరుదే నిలిచింది. ఆర్కాటులో టిప్పు మస్తాన్ అవులియా సమాధి ఉంది. సంతానం కోసం హైదర్ అలీ దంపతులు అక్కడ మొక్కుకున్నారనీ, పుట్టిన కొడుక్కి ఆ ఫకీరు పేరే పెట్టారనీ చెబుతారు. మైసూరు పులిగా చరిత్రకెక్కిన టిప్పు సుల్తాన్ పేరు వెనకున్నది ఒక మస్తానే. రామనాథపురం ప్రాంతంలోని కుణంగుడిలో సుల్తాన్ అబ్దుల్ ఖాదిర్ పేరుతో పుట్టి, మద్రాసు చేరి, 1838లో కన్నుమూసిన తమిళ సూఫీ కవిని జనం కుణంగుడి మస్తాన్ సాహిబ్ అన్నారు. దైవాన్ని మనోన్మణి అనే ప్రేయసిగా పిలిచి పాడిన ఆయన అసలు పేరు ఇప్పుడు పుస్తకాల్లోనే మిగిలింది, పిలుపుపేరే తమిళ సాహిత్యంలో స్థిరపడింది. బిరుదు అసలు పేరును మింగేయడం మస్తాన్‌ల విషయంలో మామూలు.

ఆంధ్ర తీరంలో ఈ పేరుకు రెండు ఊటలున్నాయి. ఒకటి నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలోని కసుమూరు. అక్కడి మస్తాన్ వలీ దర్గాకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచేగాక తమిళనాడు నుంచీ జనం వస్తారు. రెండోది గుంటూరు నగరం పాత క్లబ్బు రోడ్డులోని హజరత్ కాలే మస్తాన్ షా అవులియా దర్గా. అంత పొడుగు పేరుతో దాన్ని పిలిచేవాళ్లు తక్కువ. ఊళ్లో అందరికీ అది మస్తానయ్య దర్గా. ఆటోవాడికి ఆ మాట చెబితే చాలు.

ఆ పొడుగు పేరు మూడు భాషల కలగలుపు. 'హజరత్' అరబ్బీ గౌరవవాచకం. 'కాలే' హిందుస్థానీ, నల్లనివారు అని. నల్లవాడు అనడానికి కాలా చాలు, గౌరవం కోసం కాలే అయింది. 'మస్తాన్' పారశీ. 'షా' కూడా పారశీదే, రాజు అని అర్థం. చేతిలో చిల్లిగవ్వ లేని ఫకీర్లకు ఆ బిరుదివ్వడం సూఫీల అలవాటు. 'అవులియా' అరబ్బీలో 'వలీ'కి బహువచనం. వలీ అంటే దేవుడి స్నేహితుడు. ఈ వలీయే గుంటూరు సీమ పేర్ల చివర మస్తాన్ వలీ, ఖాసిం వలీ, నాగూర్ వలీ అని కనిపిస్తుంది. పది తరగతుల రికార్డుల్లో పది రకాలుగా, వలి, వల్లి, వాలి అని కూడా మారిపోతుంది. రామాయణంలోని వాలికి ఈ వలీతో ఏ సంబంధమూ లేదు గానీ, రికార్డు రాసే గుమాస్తాకు ఆ తేడా ఎప్పుడూ పట్టలేదు. ఈ మూడు భాషల పేరును తెలుగు ఒక్క ప్రత్యయంతో సొంతం చేసుకుంది. వెంకయ్య, కోటయ్య, రామయ్య వరసలో మస్తానయ్యను నిలబెట్టింది ఆ 'అయ్య'.

'కాలే', 'షా' అన్న రెండు ముక్కలు కలిసి మరో పేరు పుట్టింది: కాలేషా. గుంటూరు, ప్రకాశం జిల్లాల ముస్లింలలో మగవాళ్లకు కాలేషా, ఆడవాళ్లకు కాలేషాబీ బాగా వాడుకలో ఉన్న పేర్లు. నాదస్వరంలో 2020లో పద్మశ్రీకి ఎంపికైన దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీల జంటలో రెండో పేరు ఇదే.

మస్తాన్ పేరు వెనక చాలామటుకు ఒక మొక్కు ఉంటుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండని ఆడది, పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతున్న తల్లి దర్గాకు వచ్చి మొక్కుకుంటుంది. పుట్టిన బిడ్డకు నీ పేరే పెట్టుకుంటానయ్యా అన్నదే ఆ మొక్కు. దర్గాను చూసుకునే ముజావరు నెమలి ఈకల కట్టతో తల మీద తట్టి, తాయెత్తు కట్టి, సాంబ్రాణి బూడిద చేతిలో పెడతాడు. బిడ్డ పుట్టి నిలబడ్డాక మళ్లీ రావాలి. గురువారమో శుక్రవారమో చూసుకుని పూలచాదరు, అగరొత్తులు, కొబ్బరికాయ, చక్కెర తెస్తారు. ఫాతెహా చదివించి ఆ చక్కెరను పంచుతారు. బిడ్డ తలవెంట్రుకలు అక్కడే తీయిస్తారు. కలిగినవాళ్లు కందూరు చేస్తారు. మేకపోతునో కోళ్లనో కోసి వండి, దర్గా ముందు ఫాతెహా ఇచ్చి, బంధువులకూ బీదలకూ పెట్టే విందు అది. కందూరు కూడా పారశీ మాటే, కానీ గుంటూరు పల్లెల్లో దాన్ని వాడే హిందువులకు అది గుర్తుండదు, గుర్తుండనవసరమూ లేదు. పిలుపులో 'మావాడికి మస్తానయ్య దగ్గర పుట్టెంట్రుకలు, కందూరు కూడా పెట్టుకున్నాం' అంటే సరిపోతుంది.

కొబ్బరికాయ, తలనీలాలు గుడి ఆచారాలు. ఫాతెహా, చాదరు దర్గా ఆచారాలు. అవి ఒకే చోట జరుగుతుంటే ముజావరుకు గానీ వచ్చినవాళ్లకు గానీ ఎబ్బెట్టుగా ఉండదు. ఏటా జరిగే ఉరుసులోనూ ఇంతే. ఉరుసు అంటే అరబ్బీలో పెళ్లి. వలీ కన్నుమూసిన రోజు ఆయన దైవంతో కలిసిన రోజు కాబట్టి దాన్ని పెళ్లిగా జరుపుతారు. గంధం బిందెను ఊరేగించి తెచ్చి సమాధికి పూస్తారు, దీపాలు పెడతారు, కవ్వాలీ పాడతారు. మొక్కుబడి పేరు పెట్టుకున్నవాళ్లు, ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా, ఉరుసుకు రావడం మర్యాద అనుకుంటారు.

కాబట్టి ఈ సీమలో మస్తాన్ అన్న పేరుకు నిఘంటువులో ఉన్న అర్థం ఒకటి, ఇంట్లో ఉన్న అర్థం మరొకటి. కొడుక్కి మత్తెక్కినవాడు అని పేరు పెడుతున్నామని ఏ తండ్రీ అనుకోడు. మస్తానయ్య ఇచ్చిన బిడ్డ అనుకుంటాడు. వెంకటేశ్వర్లు పేరు పెట్టేవాడు వేంకట శబ్దానికి వ్యుత్పత్తి వెతుక్కోనట్టే ఇదీను. పేర్ల అర్థాలు చెప్పే పుస్తకాలు ఈ ఇంటి అర్థాన్ని పట్టించుకోవు. అది ఆ పుస్తకాలలో పెద్ద లోపం.

ఈ పేరు ఇక్కడ ఎంత సహజమైందో చెప్పడానికి ఇద్దరు చాలు. తెనాలి ప్రాంతంలో గుడివాడ అనే పల్లె ఉంది, కృష్ణా జిల్లా గుడివాడ పట్టణం కాదు. ఆ పల్లెలో కర్రె మస్తానమ్మ అనే ముసలావిడ ఆరుబయట మూడు రాళ్ల పొయ్యి మీద, గోళ్లతోనే అల్లం పొట్టు తీస్తూ వండిన వంటలను మునిమనవడు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే లక్షల మంది చూశారు. పుచ్చకాయ డొప్పలో కోడికూర వండిన వీడియో ఆమెను దేశాలు దాటించింది. 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆమెకు 107 ఏళ్లన్నారు. విదేశీ పత్రికలు సైతం ఆమె గురించి రాశాయి, ఆ పేరు ఒక ఫకీరు బిరుదన్న సంగతి మాత్రం వాటికి పట్టలేదు. రెండోవారు బీద మస్తాన్ రావు. నెల్లూరు జిల్లాకు చెందిన రొయ్యల వ్యాపారి, 2009లో కావలి ఎమ్మెల్యే, తర్వాత రాజ్యసభ సభ్యుడు. అదే 2009లో గుంటూరు తూర్పు నియోజకవర్గం నుంచి షేక్ మస్తాన్ వలీ ఎమ్మెల్యేగా గెలిచారు. ఒకే శాసనసభలో ఒక మస్తాన్‌కు వెనక రావు, మరో మస్తాన్‌కు ముందు షేక్.

మస్తాన్ ఒంటరి పేరు కాదు. ఇలా దర్గాల నుంచి ఇళ్లకు నడిచి వచ్చిన పేర్లు కోస్తాలో ఒక గుంపుగా ఉన్నాయి. 1166లో బాగ్దాద్‌లో కన్నుమూసిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదుల నుంచి దస్తగిరి, మహబూబ్ సుభానీ వచ్చాయి. దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకునేవాడు, కష్టంలో ఆదుకునేవాడు. పారశీలో 'దస్త్' చెయ్యి, తెలుగువాడు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టే దస్తావేజులో ఉన్నదీ ఆ చెయ్యే. తెలుగు చెవికి దస్తగిరిలో చివర గిరి వినిపించింది. శేషగిరి, వెంకటగిరి, యాదగిరి పేర్ల పక్కన అది చక్కగా సర్దుకుంది. తమిళనాడు తీరంలోని నాగూరు షాహుల్ హమీద్ దర్గా నుంచి నాగూర్ మీరా, నాగూర్ బాబు, నాగూర్ వలీ వచ్చాయి. ఆ దర్గా మీనారుల్లో ఎత్తైనదాన్ని కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు. సత్తెనపల్లిలో పుట్టి వేల సినిమా పాటలు పాడిన మనో అసలు పేరు నాగూర్ బాబు. నాగూర్ మీరా పల్లెటూళ్లలో నాగుల్ మీరా అయింది, నాగులచవితి చేసుకునే జనం నోట్లో అంతకంటే ఏమవుతుంది! కృష్ణానది అవతల, ఇప్పటి సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా నుంచి సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి పుట్టాయి. సయ్యద్‌లో నుంచి వచ్చిన ఆ మాటకు తెలుగు బహువచనం తగిలించి వెంకటేశ్వర్లు పద్ధతిలో సైదులు చేశారు. పల్నాడులోనూ ఈ పేరు ఎక్కువే. 2019 అక్టోబరులో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచిన శానంపూడి సైదిరెడ్డిది ఆ దర్గా నీడన ఉన్న నియోజకవర్గమే. పీర్ల పండుగ నుంచి వచ్చిన పీరయ్య, హుస్సేనయ్య, ఫకీరయ్య సరేసరి. ఒక మనిషి పేరు దస్తగిరా, మస్తానా, సైదులా అన్నదాన్ని బట్టి అతని పెద్దలు ఏ దిక్కు నడిచి మొక్కుకున్నారో స్థూలంగా ఊహించవచ్చు. ఇంటిపేరు ఊరిని చెబితే, ఈ పేర్లు దర్గాను చెబుతాయి.

తెలుగుదేశంలో మస్తాన్ అంత సులువుగా కుదురుకోవడానికి మరో కారణం, ఆ మాట చెప్పే మనిషి ఇక్కడ ముందే ఉండడం. అతణ్ని అవధూత అన్నారు. కసుమూరు ఉన్న వెంకటాచలం మండలంలోనే గొలగమూడి ఉంది. 1982లో అక్కడ సమాధి చెందిన వెంకయ్యస్వామిని మొదట్లో జనం పిచ్చి వెంకయ్య అనేవాళ్లు. ఆ 'పిచ్చి' పారశీ 'మస్త్'కు అతకని అనువాదమేమీ కాదు. పిల్లలు దక్కని తల్లులు పెట్టుకునే పేర్లలో పుల్లయ్య, పెంటయ్యలతో పాటు పిచ్చయ్య, పిచ్చమ్మలు కూడా ఉన్నాయి. దిష్టి తగలకుండా, చావు కన్ను పడకుండా పెట్టే పేర్లు అవి. మస్తానయ్యది ఒక వలీని తలచుకుని పెట్టే పేరు, పిచ్చయ్యది మృత్యువును ఏమార్చడానికి పెట్టే పేరు. అయినా ఒకే తల్లి మనసులో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇక ఫకీర్ల నుంచి వచ్చిన పేర్లలో జగజ్జెట్టి 'సాయి'. షిరిడీలో 1918లో కన్నుమూసిన ఫకీరును పిలిచిన పిలుపు అది. ఒంగోలులో స్థిరపడ్డ ఎక్కిరాల భరద్వాజ రాసిన సాయి చరిత్ర పారాయణ గ్రంథమై ఇంటింటికీ చేరింది. ఆయనే గొలగమూడి వెంకయ్యస్వామి గురించీ రాశారు. ఈనాడు బ్రాడీపేట కోచింగు సెంటరులో హాజరు పిలిస్తే సాయి చేరని పేర్ల కంటే చేరినవే ఎక్కువేమో అనిపిస్తుంది. ఫకీరు పిలుపును పిల్లలకు పెట్టుకోవడం షిరిడీతో మొదలు కాలేదు. మస్తాన్, దస్తగిరి వేసిన బాటలోనే సాయి నడిచింది.

పత్తి పండే ఈ నేలలో ఒక మధ్యవర్తి కులం కూడా ఉంది: దూదేకులవాళ్లు. నూర్‌బాషాలు అనీ, పింజారీలు అనీ అంటారు. వింటి నారితో పత్తి ఏకి, పరుపులు కుట్టడం వాళ్ల వృత్తి. మతం ఇస్లాం, ఇంటి భాష తెలుగు. ఆంధ్రప్రదేశ్ వెనకబడిన తరగతుల జాబితాలో బీసీ-బీలో ఉన్నారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్దయ్య దూదేకులవాడే. నూర్‌బాషా అన్నదే ఇంటిపేరులా ముందు పెట్టుకుని నూర్‌బాషా మస్తాన్, నూర్‌బాషా సైదులు అని రాసుకునే కుటుంబాలు గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల పల్లెల్లో చాలా ఉన్నాయి. ఒకే ఇంట్లో అన్న మస్తాన్, తమ్ముడు వెంకటేశ్వర్లు అయిన కుటుంబాలూ ఉన్నాయి. ఇలా రెండు వైపులా చుట్టరికం ఉన్నవాళ్లే దర్గా పేర్లను తెలుగు వీధిలోకి, తెలుగు పేర్లను దర్గా వీధిలోకి చేరవేశారు. నాదస్వర విద్వాంసుల కుటుంబాల్లోనూ ఇదే పొందిక. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, తన సంగీతాశ్రమానికి శారద పేరు పెట్టుకున్నారు. గుంటూరు సీమ రామాలయాల్లో సుప్రభాతవేళ సన్నాయి పట్టిన చేతులు తరతరాలుగా షేక్‌లవి.

చినమౌలానా పేరులోని 'చిన'ది ఈ సీమ ముస్లిం పేర్ల పద్ధతి. దూదేకులవాళ్లను మినహాయిస్తే కోస్తా ముస్లింలలో ఎక్కువమందికి తెలుగువాళ్ల తరహా ఇంటిపేర్లు ఉండవు. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అన్న నాలుగు మాటలే ఇంటిపేరు స్థానంలో నిలుస్తాయి. అవి కూడా తెలుగు సంప్రదాయంలో ముందే వస్తాయి. ఉత్తరాదిలో మస్తాన్ షేక్ కావలసినవాడు ఇక్కడ షేక్ మస్తాన్. ఇన్ని షేక్‌ల మధ్య ఇన్ని మస్తాన్‌లు ఉంటే ఒకణ్ని మరొకణ్నుంచి విడదీయడం కష్టం. అందుకే వీధి తన సొంత ఏర్పాట్లు చేసుకుంది. పెదమస్తాన్, చినమస్తాన్, నల్లమస్తాన్, ఎర్రమస్తాన్, పొట్టిమస్తాన్, బేకరీ మస్తాన్, కమాను మస్తాన్. ఇవేవీ ఆధార్ కార్డులో ఉండవు, పోస్ట్‌మ్యాన్‌కు మాత్రం తెలుసు. బ్రాడీపేటలో ఈ ఇబ్బందికి చిరునామా కొంత మందు. బ్రాడీ అనే ఆంగ్లేయ అధికారి పేరు మీద వెలిసిన ఈ పేటలో వీధులకు పేర్లు లేవు, అంకెలే. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కాబట్టి రెండో లైను మస్తాన్ గారు, ఆరో లైను మస్తాన్ గారు అని ఎవరూ తికమకపడకుండా చెప్పుకోవచ్చు. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర రైలు పట్టాలు దాటి అరండల్‌పేటలో అడుగుపెడితే మళ్లీ ఒకటో లైను నుంచి లెక్క మొదలు. అప్పుడు పేట పేరు కూడా చెప్పాల్సిందే.

పిలుపులో మర్యాద మనిషిని బట్టి ఉంటుంది. ముస్లింలు మస్తాన్ భాయ్ అంటారు, హిందువుల్లో చిన్నవాళ్లు మస్తానన్నా అంటారు, పెద్ద వయసు వాణ్ని మస్తాను బాబాయ్ అన్నా సాయిబు గారూ అన్నా చెల్లుతుంది. ఆడపిల్లల్లో ముస్లింలకు మస్తాన్‌బీ, హిందువులకు మస్తానమ్మ. 1740లో కన్నుమూసిన పేష్వా బాజీరావు భార్య మస్తానీ పేరు కూడా ఈ చెట్టు కొమ్మే.

ఊరు మారితే ఈ పేరు గౌరవమూ మారుతుంది. బెంగాలీలో మస్తాన్ అంటే వీధి రౌడీ. ఢాకా పత్రికల్లో చందాలు దండుకునే ముఠాల గురించి రాసేటప్పుడు ఈ మాట వస్తుంది. మత్తు నుంచి పొగరుకు, పొగరు నుంచి దౌర్జన్యానికి అర్థం అక్కడ జారింది. బొంబాయిలో మస్తాన్ అనగానే 1994లో చనిపోయిన హాజీ మస్తాన్ గుర్తొస్తాడు. రామనాథపురం ప్రాంతంలోని పనైకుళం నుంచి చిన్నప్పుడే వెళ్లి, రేవులో కూలిపనితో మొదలుపెట్టి బంగారం దొంగరవాణాలో పేరు మోసినవాడు. కుణంగుడి మస్తాన్ కూడా ఆ ప్రాంతం వాడే. ఒకే చోట పుట్టిన ఒకే పేరు ఒకరిని దర్గాకు, ఇంకొకరిని సినిమా కథలకు చేర్చింది. బల్గేరియాలోని తుర్కుల్లో ఇది మెస్తాన్ అనే ఇంటిపేరు. అక్కడి ఒక పార్టీకి 2013 నుంచి 2015 దాకా నాయకుడు లుత్ఫీ మెస్తాన్. గుంటూరు మస్తానయ్యకూ ఆయనకూ ఉమ్మడిగా ఉన్నది పారశీ ఒక్కటే.

ఇస్లాంలో పేర్ల గురించి నియమాలు ఎక్కువ లేవు. మంచి అర్థం ఉండాలి, దేవుడికి ఇష్టమైనవి అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని హదీసు చెబుతుంది. ఆ కొలతతో చూసే మతపెద్దలు మస్తాన్ పేరును మెచ్చుకోరు. అరబ్బీ కాదు, అర్థం మత్తు, పైగా దర్గా మొక్కుతో ముడిపడ్డది. సమాధుల దగ్గర మొక్కుకోవడమే తగదనే వాళ్లకు మొక్కుబడి పేరు ఎలా నచ్చుతుంది? ఆ వాదన గత కొన్ని దశాబ్దాల్లో గుంటూరు మసీదుల్లోనూ బలపడింది. దీన్ని తప్పుపట్టాల్సిన పని లేదు, ఒక మతం తన మూలాల వైపు చూసుకోవడం ఆ మతస్తుల ఇష్టం. అయితే అర్థం ఒక్కటే చూసి పేరును తూచేవాళ్లు దాని వయసును లెక్కలోకి తీసుకోరన్నది కూడా నిజం. హిందువుల వైపు నుంచీ ఇలాంటి కత్తిరింపు నడుస్తోంది, ఎవరూ బోధించకుండానే. కొడుకు పేరు మస్తాన్ రావు అంటే పాతగా ఉంటుందని తల్లిదండ్రులకు బెరుకు. మొక్కు తీరాలి కాబట్టి దర్గాలో ముజావరు చెవిలో మస్తాన్ అని చెప్పించి, బర్త్ సర్టిఫికెట్‌లో మాత్రం రెండక్షరాల కొత్త పేరు రాయిస్తారు. ముస్లిం ఇళ్లలో అయాన్, రెహాన్, అర్హాన్ల కాలం నడుస్తోంది. హిందువుల ఇళ్లలో వాటికి సరిజోడుగా ఇహాన్, విహాన్‌లు.

ఈ మార్పులో మస్తాన్ మాయమైపోవడం లేదు, చోటు మారుతోంది. పిలిచే పేరుగా తగ్గి, వెనక తోకగానో తండ్రి పేరుగానో మిగులుతోంది. మొహమ్మద్ రెహాన్ మస్తాన్ అని మూడు ముక్కలుగా రాయించుకున్న పిల్లవాణ్ని బడిలో రెహాన్ అంటారు, నానమ్మ మాత్రం మస్తానూ అంటుంది. అమెరికా వెళ్లిన తెలుగు కుర్రవాడికి ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో షేక్‌ను ఇంటిపేరు గడిలో పెడితే మస్తాన్, వలీ అనే రెండు ముక్కలు మొదటి పేరు, నడిమి పేరు అవుతాయి. అక్కడి సహోద్యోగులకు అతను మస్తాన్. మస్తాన్‌ను ఇంటిపేరు గడిలో రాసిన గుమాస్తా తగిలితే అతని పిల్లలకు కూడా అదే ఇంటిపేరు. ఒకప్పుడు ఒక ఫకీరు బిరుదు, తర్వాత ఒక బిడ్డ మొక్కుబడి పేరు, ఇప్పుడు ఒక వంశం ఇంటిపేరు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టే మనవరాలు ఏ పేరు పెట్టుకున్నా దాని చివర మస్తాన్ అని రాసుకుంటుంది.